మంచినీళ్ళు

రాజోలు కోర్టులో నేను చేరిన ఏడు
గోదారి రెండుసార్లు రోడ్డెక్కింది.
ముందు కాలవ, వెనక బోదె, అవతల వశిష్ఠ,
ఎటు తిరిగినా నీళ్ళే.
పొద్దున్న తొమ్మిదింటి నుంచి దీపాలవేళ దాకా
నేను మాత్రం చుక్క ముట్టేదాన్ని కాదు.
ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి
అమీనా గారి జేబులో ఉండేది.
అమీనా గారు ఏ సఖినేటిపల్లిలోనో
తలుపులకి సమన్లు అంటిస్తూ ఉండేవారు.

మా నాన్న నూట నలభై కొబ్బరిచెట్లు ఎక్కి దిగితే
వచ్చింది నా నల్లకోటు.
చెమట పట్టినప్పుడల్లా
అది నాదో ఆయనదో తెలిసేది కాదు.

సీనియర్ గారు మంచివారే.
కట్టలు మోయించారు, వాయిదాలు రాయించారు,
"అమ్మాయి చేతిరాత ముత్యాలండీ" అని
వచ్చినవాళ్ళందరికీ చూపించారు.
పదకొండేళ్ళు ఆ ముత్యాలే తిన్నాను.

గట్టు తగాదాలూ రొయ్యల చెరువులూ
ఎదర బల్లల మీదికి పోయేవి.
నా బల్ల మీదికి మనోవర్తి.
"ఆడమనిషి కష్టం ఆడమనిషికే తెలుస్తుంది కదమ్మా."
తెలుస్తుంది.
తెలిసినదానికి ఫీజు అడగలేకపోవడం కూడా తెలుస్తుంది.
ఒకామె పనసతొనలు తెచ్చింది.
ఒకామె మొగుడికి తెలియకుండా
క్యారియర్లో పులస ముక్క తెచ్చి
నేను తినేదాకా కదల్లేదు.

ఆ జూలైలో కొత్త జడ్జిగారొచ్చారు.
లంక భూమి దావాలో కమిషనరుని వెయ్యాలి.
జాబితాలో వేలు పెట్టి చదివారు: బి. రత్నం.
ఆ పేరుకి ఆడా మగా లేదు.
నేను లేచి నిలబడ్డాను.
ఆయన కలం ఒక్క క్షణం ఆగింది,
కానీ సంతకం అయిపోయింది.

పడవ దిగేసరికి రేవులో ఊరంతా ఉంది.
సర్వేయరుకి దణ్ణం పెట్టారు,
గొలుసు మోసే కుర్రాడికి పెట్టారు.
"కమిషనర్ గారు ఏరండీ?"
నేనేనండి.
"ఆయ్, మీరు సరేనండి. కమిషనర్ గారు?"

దస్తావేజులో తూర్పు హద్దు: గోదావరి.
గోదారేమో అర ఫర్లాంగు జరిగి కూర్చుంది.
మోకాటి లోతు బురదలో
నది ఒకప్పుడు ఎక్కడుందో కొలిచాను.
రెండు పక్షాలవాళ్ళూ బొండాలు కొట్టి పట్టుకొచ్చారు.
కమిషనరు ఎవరి నీళ్ళూ తాగకూడదు.
అన్నేళ్ళలో మొదటిసారి
నా దాహానికి ఒక చట్టం దొరికింది.

తరవాత బోనెక్కించి అడిగారు అవతలి ప్లీడరు గారు:
"అమ్మా, మీరు నిజంగా దిగారా, గట్టు మీంచి చూశారా?"
"నా ఎడమకాలి చెప్పు ఇంకా అక్కడే ఉందండి,
మళ్ళీ కమిషన్ వేస్తే దొరకచ్చు."
కోర్టు నవ్వింది.
నా మీద కాకుండా, నాతో.

అక్కణ్ణుంచి అన్నీ కలిసొచ్చాయని చెప్పను.
ప్రభుత్వ ప్లీడరు పదవి రెండుసార్లు
మా వీధి మొగదాకా వచ్చి తిరిగిపోయింది.
బార్ సంఘంలో నన్ను మహిళా ప్రతినిధిని చేశారు,
అంటే మార్చి నెలలో టీలు చెప్పే పని.
నేను సాధించింది ఏమిటంటే
పందొమ్మిది అర్జీలు పెట్టి ఒక గొళ్ళెం,
లోపలి వైపు.

ఇవాళ నా జూనియరు కుడుపూడి హారిక
ఇంజంక్షన్ వాదనకి లేచే ముందు
లీటరు సీసా ఎత్తి
గటగటా, అందరూ చూస్తుండగా, తాగింది.
గుటకలు లెక్కపెట్టాను. పద్నాలుగు.
బ్యాండు తడవకుండా మూతి తుడుచుకుని
"మీకు, మేడం?" అంది.

వద్దన్నాను. ఇరవయ్యారేళ్ళ అలవాటు.
బెంచి గుమస్తా మా నంబరు పిలుస్తున్నాడు.
ఆ పిల్ల కాగితాలు సర్దుకుంటూ ముందుకెళ్ళింది.
సీసా బల్ల మీద వదిలేసింది,
మూత పెట్టకుండా.

అడుగున ఇంకొంచెం ఉన్నాయి.
కాస్త వెచ్చగా ఉన్నాయి.