పందొమ్మిదో నిమిషం

అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయింది.

రినాల్డ్స్ కంగారుపడి మౌసు కుదుపుతున్నాడు.
పై అంతస్తు కుర్రాడు, పదిహేనేళ్ళు,
ఆగడమంటే చెడిపోవడమే వాడికి.
ఉండరా, అన్నాను.
ఒంటి పట్టా మీద బండి నడిపినదాన్ని నేను.
ఎదురు బండి వచ్చి పక్కకి తప్పుకునేదాకా
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కూడా
డ్రైవింగే.

కంప్యూటరు వాడి పాతదే.
వంటింటి బల్ల మీద, ఊరవేసిన దోసకాయల జాడీ పక్కన పెట్టాం.
ఫ్యాను మోత వింటే
దౌగవ్‌పిల్స్ డిపోలోంచి చీకటితో
మొదటి ట్రాము మూలుగుతూ బయటికొచ్చినట్టుంటుంది.

చెస్లావ్స్ అని ఒకాయన. ఎవరో నాకు తెలియదు.
ఏళ్ళ తరబడి మా ట్రాముల్ని వీడియోలు తీసి
నెట్లో పెట్టాడట.
ఇప్పుడు చూపు ఆనడం లేదట.
నెలాఖరుకి అన్నీ తీసేస్తాను,
కావలసినవాళ్ళు ఈలోగా ఇంటికి పట్టుకుపోండి
అని రాశాడట,
ఇల్లు ఖాళీ చేసేవాడు
పూలకుండీలు మెట్ల మీద వదిలినట్టు.

నాకు కావలసింది ఒక్కటే.
కోట గేటు రూటు, ఆఖరి చలికాలం,
నలభై ఒక్క నిమిషాలు.
ఆ దారిన ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపాను.
ఆ తర్వాత పట్టాలు పీకి తారు పోశారు.
ఇప్పుడక్కడ బస్సు తిరుగుతోంది,
దానికి గంట లేదు.

అరవై నాలుగు. చూశావా, అన్నాను.
టీ కాచాను. వాడు రెండు బన్నులు తిన్నాడు.
తొంభై దాటాక ఇద్దరం మాట్లాడలేదు.

నూరు.

ఇక నెట్ తీగ పీకేసినా ఆడుతుందవ్వా,
ఇది నీదే, అన్నాడు.
నమ్మలేక పీకించి చూశాను.
ఆడింది.

కానీ ఇది నేను చూసిన దారి కాదు.
ఆయన వెనకసీట్లో కూర్చుని
వెనక అద్దంలోంచి తీశాడు.
నాకు దారి ఎప్పుడూ ఎదురొచ్చేది.
ఇందులో వెళ్ళిపోతోంది.
పేపర్ల బంకు వెళ్ళిపోతోంది,
బోడి చెట్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి,
నేను చల్లిన ఇసక రెండు గీతలై
మంచులో పడి ఉంది.
ఎవరి వీపు వాళ్ళకు కనపడదంటారు.
బండి వీపూ అంతే.

పందొమ్మిదో నిమిషం, రొట్టెల ఫ్యాక్టరీ స్టాపు.
తలుపులు మూసిన చప్పుడు.
గంట, రెండుసార్లు. అది నా చెయ్యే,
రెండోది కొంచెం పొట్టిగా కొడతాను.
బండి కదిలింది.
అప్పుడు సందులోంచి ఒక మనిషి.

పరిగెడుతున్నాడు.
టోపీ తీసి ఊపుతున్నాడు.
రెండో చేతిలో కేకు పెట్టె.
కాళ్ళు ఎంత జారుతున్నా
ఆ పెట్టెను మాత్రం నీళ్ళ గిన్నెలా
ఒరగనివ్వడం లేదు.

నేను ఆపలేదు.

చూడలేదు, అందును.
పక్క అద్దం మీద మంచు పేరుకుంది. నిజమే.
రెండు నిమిషాలు ఆలస్యంగా ఉన్నాను,
దిగి తుడవలేదు.
అదీ నిజమే.
ఎవరి పుట్టినరోజో.
ఎవరు కొవ్వొత్తులు పట్టుకుని
కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారో.
ఆయన చిన్నవాడవుతూ అవుతూ
టోపీ పెట్టేసుకున్నాడు.

రినాల్డ్స్ పెన్‌డ్రైవులో ఇంకో కాపీ తీశాడు.
టిక్కెట్లు చిల్లుపెట్టే మర ఉన్న డబ్బాలో దాచాను.
కంప్యూటరు పోయినా ఉంటుందట.
అంటే ఆయన కూడా ఉంటాడు,
రెండు చోట్ల పరిగెడుతూ.

రోజూ రాత్రి గిన్నెలు కడిగాక పెట్టుకుంటాను.
పందొమ్మిదో నిమిషంలో
పొడుగు మీట నొక్కుతాను.
ఆగుతుంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళలో
ఇంత మెత్తగా ఎప్పుడూ ఆపలేదు.
ఆయన ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో.
పెట్టె ఒరగలేదు.

తలుపు తెరిచే మీట ఏదిరా, అని
నిన్న రినాల్డ్స్‌ని అడిగాను.
వాడు నవ్వలేదు.
పాపం, కీబోర్డంతా వెతికాడు.