ఐతారం నొప్పి

మా గురుకులంల సిక్‌రూం రిజిస్టరుకు ఆరు గడులు.
తారీఖు, పేరు, తరగతి, రోగం,
ఇచ్చిన మందు, సంతకం.
పన్నెండేండ్ల సంది అవి నింపుతున్న.
అచ్చంపేట ఎండకు జరాలు, వానకు దగ్గులు,
పరీక్షలప్పుడు కండ్లు తిరుగుడు,
అన్నిటికీ ఒక గోలి ఉన్నది నా డబ్బల.

ఒకనాడు రాత్రి కరెంటు పోయింది.
సెల్లు లైటుకు పాత పేజీలు తిరగేస్తుంటే
కండ్లవడ్డది.
కడుపునొప్పి, ఐతారం.
కడుపునొప్పి, ఐతారం.
మల్ల ఐతారమే.
నేనావత్ అఖిల, ఏడు బి.
గ్యాస్ గోలి. గ్యాస్ గోలి. ఓఆర్ఎస్.
నెలకోసారి వచ్చే డాక్టరుసారు రాసిపోయిండు,
బజ్జీలు బంద్ చేయాల్నని.
ఐతారం బజ్జీలుండయి మాకు, కోడికూర.

కడుపుకు వారాలు లెక్కవెట్టుడు
ఎవలు నేర్పిన్రు?

ఆ పై ఐతారం ఫోన్ల లైను కాడ నిలవడ్డ.
గోడకు నీలం డబ్బ, మనిషికి పది నిమిషాలు,
సుగుణవతి మేడం చేతిల విజిలు.
"సబ్బు అయిపోయిందమ్మా" అంటదొకతి.
"మేక ఈనిందా" అంటదొకతి.
అఖిల వంతొచ్చింది.
చూడకుండనే నొక్కింది నంబరు.
పక్కనున్న నాకు వినవడ్డది,
అవతల మనిషి లేదు,
"మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం..."
పిల్ల మాత్రం మాట్లాడుతనే ఉన్నది.
"యాడీ" అన్నది.
తండా మాట నాకు సగమే తెలుసు, ఆ సగం చాలు.
తిన్న అన్నది. కూర మంచిగున్నదన్నది.
పూణెల వాన పడుతుందా అని అడిగి
ఆగింది,
వాన గురించి చెప్పనీకి ఒక తల్లికి
ఎంతసేపు పడ్తదో అంతసేపు.
తమ్ముణ్ణి ఇటుకల కాడికి పోనియ్యకు అన్నది.
నవ్వింది గూడ.
పది నిమిషాలు, ఒక్కటి తక్కువ కాలే.
వెనక లైనుకు తెల్వద్దు కదా.

ఆ రాత్రి కడుపు పట్టుకోని వచ్చింది.
నా చెయ్యి దానంతటదే డబ్బ మీదికి పోయింది.
మూత తీసి మల్ల పెట్టిన.
ఏమైంది బిడ్డా అని అడగలే.
అడిగితే "ఏం లేదు మేడం" అంటది,
ఈ బడిల పిల్లలు అ ఆల కన్న ముందు నేర్చుకునేది
ఆ మాటనే.
సంచిల ఉడకవెట్టిన పల్లికాయ ఉండె.
బల్ల మీద పోసిన.
ఇద్దరం ఒలుస్తున్నం, మాట లేదు,
పొట్టు చిట్లుతున్న సప్పుడే.
మూడో పిడికిటికి, పొట్టు దిక్కే చూసుకుంట,
"ఫోను కలుస్తలేదు మేడం, దసరా సంది" అన్నది.
నేనేమనాలె?
ఇంకో పిడికెడు పోసిన.

సోమారం రిజల్టుల మీటింగుల చెప్పిన.
"రోగం పేరేంది సిస్టర్?" అన్నది పెద్దమేడం.
చెడ్డగ కాదు, నిజంగనే అడిగింది.
నా తాన పేరు లేదు.
సుగుణవతి మేడం మాత్రం విజిలు జేబుల వేసుకోని
తండాకు పోయి మేస్త్రీ నంబరు తెచ్చింది.
అదీ కలుస్తలేదు.
రోజూ మాపటీలి ఒకసారి నొక్కుతది ఆమె.

మొన్న ఐతారం
అఖిల నంబరు నొక్కి, విని,
ఫోను పెట్టేసింది.
"కలుస్తలే" అన్నది లైనంత వినవడేటట్టు.
మిగిలిన తొమ్మిది నిమిషాలు
వెనకున్న పిల్లకిచ్చి
సీదా నా రూముకొచ్చింది.
ఎన్కనే ఇంకిద్దరు, పిలవకుండనే.
కడుపు నొస్తనే ఉన్నది ఇంక,
అది దాస్తలేను నేను.

'ఇచ్చిన మందు' గడిల ఏం రాయాల్నో తోచక
"కూసున్నం" అని రాసిన.
ఆడిట్‌కొచ్చిన సారు ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి
ఇది స్టాకుల ఎంతున్నదని అడిగిండు.
తక్కువున్నది సార్ అన్న.
ఇండెంటు గూడ పెట్టిన:
స్టూళ్ళు మూడు,
పల్లికాయ రెండు కిలోలు.