పదిహేను సెకన్లు

సిరోంచ బస్టాండు ఎదురుంగ నా జిరాక్సు దుకాణం.
మధ్యాహ్నం కరెంటు పోతే షట్టరు సగం దించి
మా చిన్నమ్మ బిడ్డ రజిత నేల మీద కూసుంటది,
పెన్ను మూత పండ్ల నడుమ.

నేనొక మాట అంట, ఫోనుల సెకన్లు చూస్త.
పదిహేనులోపు ఒక వాక్యం రాయాలె, ఇంగ్లీషుల.
ఎంపిక బోర్డు ముందట ఇట్లనే అరవై మాటలు అడుగుతరట,
మనసు దాచుకునే తీరిక ఇయ్యకుండ.

"భయం" అన్న.
బయట కంకర లారీ పోయింది.
గోడ మీది క్యాలెండరు ఒకసారి లేచి పడ్డది.
"అయిపోయింది" అన్న.
"మొదలు తెలుగుల అనుకుంటనే అక్కా,
మరాఠీలకు తిప్పుకుంట, ఆడికెల్లి ఇంగ్లీషుకు పోత.
పోయేసరికి బస్సు ఎల్లిపోతది."

అప్లికేషను అంతకన్న మొండిది.
రేషను కార్డుల బండి రజిత,
బడి సర్టిఫికెట్ల బండివార్.
ఏ కాలం మాస్తరు తగిలించిండో ఆ 'వార్',
మూడు తరాలుగ తోక లెక్క వెంట వస్తున్నది.
తండ్రి ఒక కాడ మొండయ్య, ఇంకో కాడ ఉత్త మొండి.
అఫిడవిటుకు అహేరికి రెండుసార్లు, గడ్చిరోలికి ఒకసారి
ఎర్ర బస్సుల పోయినం.
మూడోసారికి కండక్టరే మరాఠీల అడిగిండు,
"ఇంకా పేరు దొరకలేదా పోరీ?"

ఫోటో నేనే తీసిన, తెల్ల దుప్పటి గోడకు కట్టి.
చెవులు రెండూ కనపడాలంటే జడ వెనక్కి దోపింది.
తెర ఒప్పుకునేదాక సైజు దించుకుంట పోయిన.
ముందు దుప్పటి ముడతలు పోయినయి,
తర్వాత నుదుటి మీది గాటు పోయింది,
ఏడేండ్లప్పుడు తునికాకు తెంపబోయి పడ్డప్పటిది.
గుర్తింపు చిహ్నం అన్న గడిల
మళ్ల ఆ గాటునే రాసినం.

తెల్లారకముందే ప్రాణహిత ఇసుకల ఉరుకుతది.
పుచ్చ తీగలు తొక్కకుండ ఉరుకుడు నేర్చుకున్నది,
తొక్కితే తిట్టేది సొంత మేనత్తే.
క్యాంపు కాడి సెంట్రీ మొదట్ల కార్డు అడిగేటోడు.
ఇప్పుడు గడియారం చూసి వేళ్ళు చూపిస్తడు,
నిన్నటికన్న ఎన్ని సెకన్లు తగ్గినయో.

నేను ఈ వయసుల ఉన్నప్పుడు
ఈ ఫారంల ఆడపిల్లకు గడి లేకుండె.
తమ్ముని ఫారం నేనే నింపిన, గుండ్రటి అక్షరాలతోటి.
వాడు లెక్కల కాడ ఆగిపోయిండు.
ఆ లెక్కలు నాకొచ్చు.
ఈ సంగతి రజితకు చెప్పలే.
త్రికోణమితి చెప్తున్న.

నీ గురించి నీ తల్లి ఏమనుకుంటదో కూడ రాయాలెనట.
గైడు పుస్తకంల "బాధ్యత గల బిడ్డ" అని అచ్చేసి ఉన్నది.
పోయి చిన్నమ్మనే అడిగినం.
ఆకు కట్టకు తాడు బిగించుకుంట, తలెత్తకుండ అన్నది:
"చెప్పిన మాట ఇనదు.
ఇనకపోవట్టే ఇంతదాక వచ్చింది.
అట్ల రాస్తే తీసుకోరా?"

ఆఖరి తారీకు రాత్రి
సర్వరు తిరుగుతనే ఉన్నది, తిరుగుతనే ఉన్నది.
ఖాళీగ ఎందుకని మాటలు మొదలు పెట్టిన.
"వంతెన." రాసింది.
"ఓటమి." రాసింది.
"సరిహద్దు."

గైడుల దీనికి జవాబున్నది,
సైనికులు రేయింబగళ్ళు కాపాడుతరని.
నాలుగో సెకనుకే ఆమె పెన్ను ఆగింది.
తొంగి చూసిన.
ఇంగ్లీషులనే ఉన్నది, తప్పులు లేకుండ:
అక్కడ మా అత్త పుచ్చకాయలు పండిస్తది.

"తప్పా అక్కా?"

నాకు పదిహేను సెకన్లు సరిపోలే.

అంతల తెర మీద నంబరు వచ్చింది.
ప్రింటరు దగ్గి, ఒక కాగితం కక్కింది.
నా కాడ జిరాక్సు రెండు రూపాయలు.
ఎవరూ అడగకుండనే
ఐదు కాపీలు తీసిన.