తరవాణి కుండ

డెబ్బై అయిదు కిలోలు తల మీదకి లేపిన చేతులు
సాయంత్రానికి చెంబు ఎత్తలేవు.
నెల్లిమర్ల షెడ్డు నుంచి సైకిలు నడిపించుకొచ్చి
అరుగు మీద కూలబడ్డాను.
తొడల్లో ఎవరో
గోగునార నానబెట్టి బాదుతున్నారు.

అసిరమ్మ పెద్దమ్మ ఏమీ అడగదు.
పిప్పళ్లు మూడు, శొంఠి ముక్క,
దొడ్లో వేపకి పాకిన తిప్పతీగ జానెడు.
ఆమె నూరుతుంటే నాకు దగ్గొచ్చింది.
తరవాణి కుండలో ముంత ముంచి
అన్నీ అందులో కలిపేసింది.
చేదు, ఘాటు, పులుపు,
ఏది ముందు మింగానో తెలీదు.

"క్యాంపులో డాక్టరమ్మ సెప్పింది పెద్దమ్మా,
పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయట.
కంటికి అగుపించవట.
అలుపు తీరడంలో ఆటికీ వాటా ఉందట."
నవ్వుతుందనుకున్నాను.
"మరి ఆటికేటి పెడతన్నావే గుంటా?"

ఆ కుండ అడుగు ఆమె ఎప్పుడూ ఖాళీ చెయ్యదు.
నిన్నటి నీళ్లే ఇవాళ్టి నీళ్లకి
పులవడం నేర్పుతాయట.
తుఫాను రాత్రి కుండ పగిలితే
ఇల్లంతా వదిలేసి
పెంకులో నిలిచిన గిద్దెడూ
కొంగు అడ్డుపెట్టి కాపాడింది.
వాళ్లమ్మ కుండలోంచి తెచ్చుకున్న పులుపు అది.

రాత్రి చాప మీద
నా పొట్ట గుడగుడమంది.
లోపల ఎవరో బంతికి కూచున్నట్టు.
రేపు ఎనభై అంటాడు తవుడు మేస్టారు.

మందు పనిచేసిందో, నిద్రే పనిచేసిందో.
పొద్దున్న అరుగు మెట్లు దిగాను,
గోడ పట్టుకోకుండా,
రెండో మెట్టు దాకా.
మూడోదాని దగ్గర
పెద్దమ్మ ముంతతో నిలబడి ఉంది.