అనుబంధం – 7

నలభై తొమ్మిదేళ్లకి మళ్లీ మెడలో ఐడీ కార్డు.
ఫొటోలో అచ్చం హెడ్‌మిస్ట్రెస్‌లాగే ఉన్నాను,
ఎవరో ఆలస్యంగా వచ్చినట్టు చూస్తూ.

శని ఆదివారాలు క్లాసు.
మద్దిలపాలెంలో బస్సు దిగి, ఎత్తెక్కి, మెట్లెక్కితే
విద్యా నాయకత్వం, విధానం: రెండో అంతస్తు.
మూడు ఫ్యాన్లలో తిరిగేది ఒకటి.
దాని కింద బెంచీ కోసం
ఎనిమిది మంది ప్రధానోపాధ్యాయులం
పిల్లల్లా పోట్లాడుకుంటాం.

మా మేడమ్‌కి ముప్పై మూడు.
"వరహాలమ్మ గారూ" అంటుంది నన్ను, కాస్త మొహమాటంగా.
బోర్డు మీద త్రికోణం గీస్తుంది:
పైన రాష్ట్రం, మధ్యలో జిల్లా, అడుగున బడి.
నేనూ నోట్సులో గీసుకుని
అడుగు గీత కింద చుక్కలు చుక్కలుగా ఇసక పోశాను.
పెదజాలారిపేటలో మా బడి ఇసకలోనే ఉంటుంది.

తొమ్మిదికి మేం గంట కొట్టిస్తాం.
తొమ్మిదికే తట్టలు దిగుతాయి.
బోట్లు ఒడ్డుకెప్పుడు రావాలో
ఏ సర్క్యులరూ చెప్పలేదు మరి.
నెత్తళ్లు పడ్డ రోజు
ఐదో తరగతి సగం ఒడ్డునే ఉంటుంది.

నా పరిశోధనాంశం:
పిల్లల హాజరుపై నాయకత్వ శైలి ప్రభావం.
పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే
వేలు ఒక గీత దగ్గర ఆగింది.
ఎర్ర సిరా. స్కేలు పెట్టి మరీ గీసిన గీత.
గరికిన నూకరత్నం, ఐదు–బి.
నెల రోజులు వరసగా రాకపోతే తీసెయ్యాలి, అది పద్ధతి.
ఆ పొద్దున్న
గంట కొట్టించి,
పేరు కొట్టేసి,
టీ తాగాను.
పక్కన సంతకం ఎంత గుండ్రంగా ఉందో.

"ఖాళీ గడులున్న వరసలు తీసెయ్యండి,
లెక్క శుభ్రంగా వస్తుంది" అంది మేడమ్.
"ఒకసారి తీసేశానమ్మా" అన్నాను.
ఆవిడ కీబోర్డు వదిలి నా వైపు తిరిగింది.
అంతలో కరెంటు పోయింది.
ఎవరో కిటికీ తెరిచారు.

సోమవారం సాయంత్రం ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను,
చెప్పులు చేత్తో పట్టుకుని.
రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లకి పాలిపోయిన వేళ్లు,
పొడుగైంది, గుర్తుపట్టింది, లేచి నిలబడింది.
క్లాసులో నిలబడ్డట్టే.
"నెల్లాళ్లు రాలేదేమే అప్పుడు?"
"వచ్చీదాన్నండి.
తట్ట దింపేసి తొమ్మిదిన్నరకొచ్చీదాన్ని. గేటేసుండీది."
"నెల్లాళ్లూనా?"
"దినమూనండి. కాసేపు నిలబడి ఎలిపోయీదాన్ని."

ఆ గేటుకి తాళం నా ఆలోచనే.
సమయపాలనకి జిల్లాలో ప్రశంసాపత్రం ఇచ్చారు,
శాలువా కూడా.
ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక గోడకి తగిలించాను.
గేటు కనిపించకుండా కుర్చీ ఎటు తిప్పి ఉందో
అప్పటిదాకా గమనించలేదు.

మళ్లీ బడికొస్తావా అని అడిగాను.
"ఏ కలాసులో కూకోమంటారు?" అంది.
నాలుగు సెమిస్టర్లు చదివాను,
దానికి నా దగ్గర జవాబు లేదు.

జూన్ పన్నెండున బడి తెరిచాం.
తాళం బీరువాలో పెట్టి
గంట తొమ్మిదీ నలభైకి కొట్టించాను,
ఎవర్నీ అడక్కుండా.
పదో రోజుకి మెమో వచ్చింది:
ఎవరి ఉత్తర్వు ప్రకారం వేళలు మార్చితిరో
మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

సిద్ధాంత వ్యాసం చివర
ప్రశ్నావళి, పట్టికలు, అనుమతి పత్రాలు
కలిపి ఆరు అనుబంధాలు.
ఏడోది ఈ మెమో.
దానికి పిన్ను కొట్టి, ఆ నెల హాజరు పట్టీ జిరాక్సు,
నూకరత్నం వరస ఒక్కటే.
అసలు రిజిస్టరు దిద్దకూడదు, నేరం.
జిరాక్సు మీద మాత్రం
ప్రతి గడిలో పెన్సిలు గీత ఉంది, వంకరగా, ఒత్తి ఒత్తి,
ఆదివారాలు వదిలేసి.

అవి నేను పెట్టినవి కావు.
కాగితం ఇంకా కొంచెం
నీచు వాసనొస్తుంది.