ఏడు రాత్రులు

అనంతపురం పెట్రోలు బంకులో
పేరు రాసి డబ్బాలో వేసిన చీటీ మా ఆయనది.
మూడో నాటికి ఫోనొచ్చింది:
దస్తగిరి గారూ, మీరే విజేత.
రాయి కోసే మనిషిని
గారూ అని పిలిచిన మొదటి ఫోను.

ఏసీ హోటలు. మొగుడూ పెండ్లామూ ఇద్దరూ రావాలంట.
టై కట్టిన పిల్లోడు తెర మీద కొండలు చూపించినాడు,
కొండల మీద మంచు, మంచులో ఒక ఊయల.
ఏడాదికి ఏడు రాత్రులు. ఇరవై అయిదేండ్లు.
పొద్దున టిఫిను ఉచితం.
వాడుకోని రాత్రులు మురిగిపోవు,
మరుసటేడుకు వస్తాయి.
మురిగిపోవు అన్నప్పుడు ఈయన నా దిక్కు చూసినాడు.
మా కాడ అదునులో పడని వాన మురిగిపోతాది,
తీసుకోని సెలవు మురిగిపోతాది,
ఫ్రిజ్జు లేని ఇంట్లో పాలు సరే సరి.

సంతకానికి ముందే నా చేతిలో పెట్టినారు,
రొట్టెల వేడి తగ్గనియ్యని ఎర్ర డబ్బా.

మొదటేడు పాలిష్ మిషను చెడి పోలేదు.
రెండో ఏడు మా అత్త తుంటి ఎముక.
పోగవుతాండాయి కదా అన్నాడు.
క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నాడు:
పద్నాలుగు.

మూడో ఏడు కవరొచ్చింది.
గౌరవ సభ్యులకు మెరుగైన ప్రయోజనాలు.
మెరుగంటే మాకు తెలుసు,
నీళ్ళు పోసి అరగదీస్తే వచ్చేది.
టిఫిను తీసి టిఫినులో తగ్గింపు ఇచ్చినారు.
రాత్రులు తీసి పాయింట్లు ఇచ్చినారు.
మా చిన్నది షంషాద్ ఫోనులో లెక్క గట్టి
నాయనా, నాలుగున్నర రాత్రులే అనింది.
అర రాత్రి ఏందమ్మీ,
మంచి నిద్రలో లేపి పంపిస్తారా?

ఆ పైన ఏటికొక కవరు.
తెల్ల కార్డు నీలం కార్డయింది.
నీలానికి ఎండాకాలం గదులు లేవంట.
ఎండాకాలం కాకపోతే
తాడిపత్రోళ్ళకు కొండ ఎందుకు?
నిర్వహణ ఫీజు మటుకు
యా కాలమైనా పెరుగుతాది,
ఇంట్లో పిల్లోళ్ళ కన్నా నమ్మకంగా.

తొమ్మిదో ఏడు పోయినాం.
నడి వానల్లో, కొడగు కొండకు, మూడు రాత్రులు.
కిటికీ అవతల తెల్లగా ఏమీ లేదు.
వంటగది అన్న చోట ఒక కెటిలు.
ఎర్ర డబ్బాలో జొన్న రొట్టెలు తెచ్చినందుకు
నన్ను నేనే మెచ్చుకున్నా.
మంచం మీద కూర్చోని పరుపు ఎంత దిగుతాదో చూసుకుంటాంటే
ఈయన చెప్పులిడిచి, మోకాళ్ళ మీద వంగి,
అరచేత్తో నేలను నిమిరినాడు.

మాబున్నీ, ఇట్ల రా.
ఇది మన రాయే.

నిజమే, తాడిపత్రి నల్లబండ.
ఆ మూల చూడు, రెండో చేయి పాలిష్ ఎగ్గొట్టినారు.
అంచు కోత చూసి యా ఫ్యాక్టరీదో కూడా చెప్పినాడు.
మాకన్నా ముందే వచ్చింది,
కార్డు లేకుండా, ఫీజు కట్టకుండా,
లారీలో గడ్డి మధ్య నిలబడి.
మేము పోగొట్టుకున్న రాత్రులన్నీ
ఈడ అదే పండుకునింది.
మూడు దినాలూ ఈయన మంచమెక్కలేదు.
చల్లగా ఉండాది అంటాడు, వాన కొండలో!

పోయిన వారం మళ్ళా ఫోను.
ఆడపిల్ల. మంచి గొంతు.
బంగారు సభ్యత్వమంట,
ఇంగో లక్ష కడితే
పోయిన టిఫిను తిరిగొస్తాదంట.
ఈయన అప్పుడు బండ బొక్కల్లో లప్పం పూస్తాండాడు,
నీలం కార్డుతోనే.
బాగా వంగుతాది, విరగదు.
ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకోని
అంతా విన్నాడు.

అమ్మా, అన్నాడు,
నూట పన్నెండో గదిలో
బాత్రూము గడప కాడ ఒక రాయి కదుల్తాండాది.
కాలు పెడితే టక్కుమంటాది.
కింద ఇసుక కుంగింది, అంతే.
రెండు తాపీల సిమెంటు చాలు.
ఎవరికన్నా చెప్పు.