కాటుక కంకులు

తగలబెట్టకు, ఎలెయుతేరియో,
అగ్గిపెట్టె ఇటివ్వు.
మీ ఉత్తరాది వాళ్లకది తెగులు,
మాకు విత్లకోచే.
వానలు బాగా పడ్డ ఏడు మా అమ్మమ్మ
చేను కాటుక పెట్టుకుందే అని మురిసేది.

ఉబ్బిన బూడిదరంగు గింజలు,
పట్టుకుంటే పిల్లి చెవుల్లా మెత్తన.
ఉల్లి వేగాక, మిరప చిటపటల్లో
ఒంపాను.
నల్లగా కరిగాయి.
తడిసిన నేల ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టు వాసన.
నువ్వు గుమ్మంలోనే నిలబడ్డావు
అప్పులవాడిలా.

మీ తమ్ముడు ఫిదెన్సియో తెచ్చిన సీసాకు చీటీ లేదు.
ఎన్సెనాదా తోటలో
మిగిలిన కూలికి బదులు ఇచ్చారట.
"ఈ తిండికి ఎర్ర వైనా?" అని మొహం చిట్లించాడు.
రెండు కోతలకు వెళ్లొచ్చి
పెద్ద రుచిమంతుడయ్యాడు మరి.
గ్లాసులు రెండే. నాకు కాఫీ మగ్గు.

పెనం మీద టోర్టియా పొంగింది.
టాకో మడిచి నీ చేతిలో పెట్టాను.
ఒక కొరుకు. ఒక గుక్క.
మళ్లీ కొరుకు.
వైన్‌లోని వగరు
ఆ నలుపు అడుగున ఎక్కడో
తియ్యబడింది.
నాకైతే అలాగే తోచింది, నువ్వేమీ అనలేదు.
పెదాలు మాత్రం
సిరా మింగిన బడిపిల్లాడివి.

సగం పంట పోయింది,
బ్యాంకు వాయిదా శుక్రవారం.
తెలుసు, నాకూ లెక్కలొచ్చు.

మూడోదానికి చేయి చాస్తూ అన్నావు:
"ఆ గట్టు పక్క వరస చూశావా,
అక్కడ ఇంకా ఎక్కువ పట్టింది."
పొద్దున అన్న మాటే.
గొంతు మాత్రం పొద్దుటిది కాదు.